బండి నిలిచినప్పుడు ఇంజను ఎందుకు ఆగుతుంది?

(పాల సేకరణ మార్గాల సమావేశంలో రవాణా విభాగం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించో, పొదుగువాపు గురించో, వెన్న శాతం గురించో వినవచ్చునని వచ్చిన మీకు, ఈరోజు మేము లారీ ఇంజను గురించి మాట్లాడబోతున్నామంటే కొంత ఆశ్చర్యంగా ఉండవచ్చు. బండి బాగోగులు డ్రైవరు చూసుకుంటాడు, మెకానిక్కు చూసుకుంటాడు, మనకెందుకు అని మీరు అడగవచ్చు. దానికి మా జవాబు ఒక్కటే. బండి ఆగితే నష్టపోయేది బండి ఒక్కటే కాదు, క్యానులో ఉన్న పాలు కూడా.

పాలు పొదుగునుంచి దిగేటప్పుడు సుమారు 37, 38 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంటాయి. ఆ వేడిలో పాలలోని సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు కాగలవు. పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తేనే వాటి పెరుగుదల అదుపులోకి వస్తుంది. కనుక పితికిన చోటునుంచి శీతలీకరణ కేంద్రం వరకు ప్రతి నిమిషానికీ విలువ ఉంది. ఒక బండిలో 40 లీటర్ల క్యాన్లు 60 ఉంటే అవి 2,400 లీటర్ల పాలు. బండి మూడవ ఊరిలో ఆగిపోయి ముప్పావుగంట కదలకపోతే, ఎక్కించిన క్యాన్లు బండిమీద, మిగిలిన ఊళ్ల క్యాన్లు అరుగులమీద ఎండలో ఉంటాయి. కేంద్రంలో పాలు కాచి చూసే పరీక్షలో విరిగితే, ఆ పాలను పోసిన అమ్మకు బండి కథ చెప్పి ఏం లాభం?

మీ సంఘం దగ్గర శీతలీకరణ కేంద్రం ఉన్నా, పాలు టాంకరులో వెళుతున్నా ఈ మాట వర్తిస్తుంది. ముందు ఊళ్లనుంచి ఆ కేంద్రానికి క్యాన్లు చేర్చేది చాలాచోట్ల ఒక పాత చిన్న లారీయే.

పాలబండికి మిగతా లారీలకు లేని కష్టం ఒకటి ఉంది. సరుకు లారీ ఒకసారి బయలుదేరితే గంటల తరబడి పరుగెడుతుంది. పాలబండి ప్రతి ఊరిలో ఆగుతుంది, కొద్ది నిమిషాలు నిలుస్తుంది, మళ్లీ కదులుతుంది. అందువలన నిలిచి ఉన్నప్పుడు ఇంజను నెమ్మదిగా, నిలకడగా తిరగడం, అనగా మెకానిక్కులు ఐడ్లింగ్ అనేది, పాలబండికి ముఖ్యం. ఆ ఐడ్లింగ్ చెడితే దానిని ఎలా గుర్తించాలో, దేని తరువాత దేనిని చూడాలో ఈరోజు చెబుతాము.

ముందుగా ఒక హద్దు పెట్టుకుందాం. మేము చెప్పేది పాత తరహా డీజిలు బండ్లకు మాత్రమే. అనగా యాంత్రికమైన ఇంజెక్షన్ పంపు, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఉక్కు గొట్టం ఉన్న ఇంజన్లకు. జర్మనీలో బాష్ కంపెనీ ఇలాంటి డీజిలు పంపులను 1927లో విరివిగా తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో ఏర్పడిన మైకో కంపెనీ వీటిని బెంగుళూరు కేంద్రంగా తయారుచేసింది. ఆ కంపెనీ పేరు 2008లో బాష్ అని మారినా, మన మెకానిక్కుల నోట అది ఇంకా మైకో పంపే. కంప్యూటరుతో నడిచే కొత్త ఇంజన్ల సంగతి వేరు. దానిని చివర చెబుతాము.

ఐడ్లింగ్ అంటే ఏమిటి?

పెట్రోలు ఇంజనులో వేగాన్ని అదుపుచేయడానికి లోపలికి వెళ్లే గాలిని తగ్గించడం, పెంచడం ఉంటుంది. డీజిలు ఇంజనులో సాధారణంగా గాలి పూర్తిగా వెళుతుంది. వేగాన్ని నిర్ణయించేది డీజిలు కొలత. ఆ కొలతను చూసేది పంపులోని గవర్నరు. వేగం తగ్గితే అది కాస్త డీజిలు పెంచుతుంది, వేగం పెరిగితే తగ్గిస్తుంది. మంచి కాపరి మందను నడిపినట్లే, వెనుకబడితే అదిలిస్తుంది, ముందుకు పోతే నిలుపుతుంది. ఇలాంటి ఇంజన్లు ఐడ్లింగ్ లో నిమిషానికి 600 నుంచి 800 చుట్లు తిరుగుతాయి. సరైన లెక్క ఏ బండికి ఆ బండి పుస్తకంలో ఉంటుంది.

ఐడ్లింగ్ లో ఒక్కొక్కసారి సిలిండరులోకి వెళ్లే డీజిలు బహు స్వల్పం. అంత చిన్న కొలతలో ఒక గాలిబుడగ కలిసినా, ఒక నీటిచుక్క కలిసినా ఇంజను తడబడుతుంది. పరుగులో ఉన్నప్పుడు కప్పిపుచ్చుకుపోయే లోపం నిలిచినప్పుడు బయటపడుతుంది. కనుక ఐడ్లింగ్ చెడడం జ్వరం వంటిది. జ్వరం రోగం కాదు, రోగం ఉన్నదని చెప్పే గుర్తు.

స్క్రూ తిప్పితే ఏమవుతుంది?

ఇంజను ఆగిపోతున్నదనగానే చాలామంది చేసే మొదటి పని, పంపు మీద ఐడ్లింగ్ స్క్రూ తిప్పి వేగం పెంచడం. అప్పటికి బాధ తీరినట్లే ఉంటుంది. కాని లోపం ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది, గుర్తు మాత్రం మాయమవుతుంది. పైగా గేరు వేసేటప్పుడు రాపిడి పెరుగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది.

కొందరు డ్రైవర్లు ఆపితే మళ్లీ లేవదనే భయంతో మార్గం పొడవునా ఇంజను ఆపరు. చిన్న లారీ ఇంజను ఊరికే తిరిగినా గంటకు సుమారు అర లీటరు నుంచి ఒక లీటరు డీజిలు తాగుతుంది. రోజుకు ఒక గంట అనవసరంగా తిరిగితే నెలకు 15 నుంచి 30 లీటర్లు. అంతేకాదు, ఇంజను చాలాసేపు అలా చల్లగా తిరిగితే డీజిలు సరిగా కాలక నాజిళ్లకు మసి పట్టుతుంది, కాలని డీజిలు ఇంజనాయిలులో కలుస్తుంది. ఐడ్లింగ్ బాధకు భయపడి చేసిన పని ఐడ్లింగ్ ను మరింత చెడగొడుతుంది.

రెండవ పొరపాటు, నేరుగా పంపు విప్పించడం. పంపు బండిలో ఖరీదైన భాగం. దానిని పరీక్షించడానికి ప్రత్యేకమైన టెస్టు బెంచి కావాలి. దాని సీలు తెంచి రోడ్డుపక్కన సరిచేయడం కుదరదు. పశువు పాలు తగ్గించగానే సూది మందు కోసం పరుగెత్తము. మేత సరిగా తిన్నదా, నీళ్లు తాగిందా అని ముందు చూస్తాము. బండికీ అదే క్రమం. ట్యాంకునుంచి మొదలుపెట్టి పంపు వరకు రావాలి. పంపు అనుమానం చిట్టచివరిది.

మొదట అడగవలసిన ప్రశ్నలు

పానా పట్టకముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, బాధ నిలిచినప్పుడు మాత్రమేనా, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఉన్నదా? రెండుచోట్లా ఉంటే డీజిలు సరఫరాను అనుమానించాలి. ఫిల్టరు మూసుకుపోతే ముందుగా ఎత్తుమీద లాగదు, ముదిరితే ఐడ్లింగ్ లోనూ ఆగుతుంది. రోడ్డుమీద బాగా లాగి, నిలిచినప్పుడు మాత్రమే కుదుపుతుంటే నాజిల్, ఆక్సిలరేటరు తీగ, ఐడ్లింగ్ అమరిక చూడాలి.

రెండు, చల్లని ఇంజనులోనా, వేడెక్కిన తరువాతనా? తెల్లవారుజామున సెల్ఫ్ చాలాసేపు కొడితేగాని లేవకుండా, లేచి ఒక నిమిషంలో ఆగిపోతుంటే, రాత్రి గొట్టాలలోని డీజిలు వెనక్కి జారి గాలి చేరినదని మొదటి అనుమానం.

మూడు, వేగం ఉయ్యాలలా పైకి కిందికి ఊగుతున్నదా, లేక ఒక దెబ్బ తప్పినట్లు కుదుపుతున్నదా? ఊగుతుంటే గాలి లేక గవర్నరు. కుదుపుతుంటే ఏదో ఒక సిలిండరు పనిచేయడం లేదు. దీనినే మిస్సింగ్ అంటారు.

నాలుగు, పొగ ఏ రంగు? ఉదయం డీజిలు వాసనతో తెల్లపొగ వస్తే డీజిలు కాలకుండా బయటికి పోతున్నది. వేడెక్కినా తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీరు తరుగుతుంటే నీరు సిలిండరులోకి దిగుతున్నదేమో చూడాలి. అలాంటి బండిని నడపరాదు. నల్లపొగ అయితే డీజిలు ఎక్కువ, లేదా గాలి తక్కువ. నీలిపొగ అయితే ఇంజనాయిలు కాలుతున్నది.

ఈ నాలుగింటికి జవాబులు తెలిస్తే సగం పని అయినట్లే.

ఖర్చులేని పరీక్షలు

మొదటిది, ఆక్సిలరేటరు తీగ. కాలు తీసినప్పుడు పంపు మీది మీట వెనక్కి వచ్చి స్క్రూకు ఆనుతున్నదో లేదో చూడండి. తీగ పట్టేసినా, స్ప్రింగు సాగినా, పెడలు కింద పట్టా అడ్డుపడినా ఐడ్లింగ్ రోజుకొక రకంగా ఉంటుంది.

రెండవది, ట్యాంకు మూత. మూతలోని గాలిరంధ్రం దుమ్ముతో పూడిపోతే, డీజిలు తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి చాలక డీజిలు రావడం కష్టమవుతుంది. బండి కొంతదూరం బాగా నడిచి ఆగిపోతుంటే మూత వదులుచేసి చూడండి. బాధ పోతే లోపం దొరికినట్లే.

మూడవది, నీరు. వానాకాలంలో, పీపాలనుంచి డీజిలు పోసేచోట, రాత్రిళ్లు ట్యాంకు సగం ఖాళీగా ఉండేచోట డీజిలులో నీరు చేరుతుంది. ఉదయం ఇంజను వేయకముందు నీరు వేరుచేసే గిన్నె అడుగు మరను వదులుచేసి కొద్దిగా గాజు సీసాలోకి పట్టండి. నీరు ఉంటే అడుగున వేరుగా నిలుస్తుంది. పాలలో నీళ్లు కనిపెట్టడానికి లాక్టోమీటరు కావాలి, డీజిలులో నీళ్లకు మీ కన్ను చాలు. సాయంత్రమే ట్యాంకు నింపుకోవడం మంచి అలవాటు.

నాలుగవది, ఫిల్టర్లు. చాలా పాత బండ్లలో రెండు ఉంటాయి, ముందు గుడ్డది, తరువాత కాగితపుది. ఎప్పుడు మార్చారో రాసిపెట్టని బండిలో మార్చలేదనే అనుకోవాలి. కాగితపు ఫిల్టరును కడిగి మళ్లీ వేయరాదు. చిరిగిన ఫిల్టరు దుమ్మును పంపులోకి పంపుతుంది.

కనిపించని గాలి

మా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా మోసపుచ్చేది గాలి. ట్యాంకునుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న గొట్టం డీజిలును పీల్చే గొట్టం. అందులో సన్నని చీలిక ఉంటే ఇంజను తిరిగేటప్పుడు డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేలమీద ఒక్క చుక్క పడదు కనుక ఎవరికీ అనుమానం రాదు.

దానికి పరీక్ష ఇది. ఉదయం సెల్ఫ్ కొట్టకముందు ఫీడ్ పంపు మీది చేతిపంపును కొట్టండి. అలా కొట్టిన తరువాత ఇంజను వెంటనే లేస్తే, రాత్రి గొట్టంలోకి గాలి చేరినట్లు. ఇంకొక పరీక్ష కూడా ఉంది. శుభ్రమైన క్యానులో డీజిలు పోసి, ఫీడ్ పంపుకంటే ఎత్తుగా పెట్టి, పారదర్శకమైన గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు కలపండి. వేడి సైలెన్సరుకు దూరంగా పెట్టాలి, దగ్గరలో బీడీ వెలిగించరాదు. ఇప్పుడు ఐడ్లింగ్ కుదురుకుంటే లోపం ట్యాంకులోనో, దారిలోని గొట్టంలోనో ఉన్నది. కుదురుకోకపోతే లోపం ముందుకు ఉన్నది. బావిలో నీళ్లు లేవా, మోటారు చెడిందా అని తేల్చుకున్నట్లే ఇది.

గాలి చేరే చోట్లు కొన్నే. గొట్టాల చివర రాగి వాషర్లు, చేతిపంపు లోపలి రబ్బరు, గొట్టం ఛాసిస్ కు రాసుకునే మలుపు, ఫిల్టరు మూత కింది వాషరు. విప్పిన ప్రతిసారీ రాగి వాషరు కొత్తది వేయాలి. తరువాత ఫిల్టరు మీది మర వదులుచేసి, బుడగలు పోయి నిండు డీజిలు వచ్చేవరకు చేతిపంపు కొట్టి బిగించాలి.

ఒక మార్గంలో జరిగినది చెబుతాము. అద్దె బండి ఒకటి ప్రతి ఊరిలో ఆగినప్పుడల్లా ఊగి ఊగి చచ్చిపోయేది. మొదట స్క్రూ పెంచారు. వారం బాగుంది, మళ్లీ మొదటికి వచ్చింది. బయటి షెడ్డులో పంపు విప్పి, మరమ్మతు చేయించి, బిగించారు. బండి యజమానికి పెద్ద ఖర్చు అయింది, ఆ రోజులలో పాలు వేరే బండిలో ఆలస్యంగా చేరాయి. పంపు తిరిగి వచ్చిన రెండవ రోజే బాధ మళ్లీ కనిపించింది. మా దగ్గరికి వచ్చినప్పుడు క్యాను పరీక్ష చేశాము. ఇంజను వెంటనే కుదురుకుంది. ట్యాంకునుంచి వచ్చే గొట్టాన్ని వేలితో తడుముతూ పోతే, క్లిప్పు ఊడి ఛాసిస్ కు రాసుకున్నచోట వెంట్రుకవాసి చీలిక కనిపించింది. ఒక గొట్టం ముక్క, రెండు వాషర్లు, ఒక క్లిప్పు, అంతే. పంపులో లోపమే లేదు.

నాలుగు చన్నులు, నాలుగు సిలిండర్లు

ఇంజను ఊగకుండా కుదుపుతుంటే ఏ సిలిండరు పనిచేయడం లేదో తేల్చాలి. ఇది మీకు తెలిసిన పద్ధతే. పొదుగువాపు అనుమానం వస్తే ఒక్కొక్క చన్నునుంచి మొదటి ధారలు వేరువేరుగా నల్లని గుడ్డమీద తీసి చూస్తాము కదా. ఇక్కడ మెకానిక్కు, ఇంజను ఐడ్లింగ్ లో ఉండగా ఒక్కొక్క నాజిల్ గొట్టపు నట్టును కాస్త వదులుచేసి, మళ్లీ బిగిస్తాడు. మంచి సిలిండరు నట్టు వదిలితే ఇంజను వెంటనే తగ్గి తడబడుతుంది. చెడిన సిలిండరు నట్టు వదిలినా ఏ తేడా రాదు. ఏది తీసినా తేడా లేదో, రోగం దానిలోనే.

తరువాత ఆ నాజిల్ ను పక్క సిలిండరుకు మార్చాలి. కుదుపు దానితోపాటు మారితే లోపం నాజిల్ ది. మొదటి సిలిండరులోనే ఉండిపోతే వాల్వులు, కంప్రెషను చూడాలి, ఆ తరువాతే పంపు. నాజిల్ బిగించేటప్పుడు కింద పాత వాషరు మిగిలిపోకుండా తీసి, కొత్తది ఒక్కటే వేయాలి.

ఈ పరీక్ష తెలిసిన మెకానిక్కు మాత్రమే చేయాలి. నాజిల్ లో డీజిలు వందల వాతావరణాల ఒత్తిడితో వస్తుంది. ఆ సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి సూదిపోటులా కనిపించినా లోపల కండ కుళ్లి వేలు, చేయి తీసేయవలసిన స్థితి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోక వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ధార దగ్గర చేయి పెట్టి చూడరాదు.

కుదుపు అంతా డీజిలు వలననే రాదు. ఇంజను కింది రబ్బరు దిమ్మలు నలిగిపోతే ఆరోగ్యమైన ఇంజను కూడా క్యాబిను అదిరేటట్లు ఊపుతుంది. క్లచ్ తొక్కగానే శబ్దం మారితే క్లచ్, గేరుబాక్సు వైపు చూడాలి.

గాలి లేదు, నీరు లేదు, ఫిల్టర్లు కొత్తవి, నాజిళ్లు బాగున్నాయి, అయినా వేగం ఊగుతుంటే అప్పుడు గవర్నరు. కొన్ని పాత పంపులలో గవర్నరు గాలి లాగుడుతో పనిచేస్తుంది. దానికి వెళ్లే గొట్టం చీలినా, లోపలి పలుచని పొర చిరిగినా వేగం ఊగుతుంది, ఒక్కొక్కసారి హఠాత్తుగా పెరిగిపోతుంది. ముందు ఆ గొట్టం చూసి, తరువాతే పంపును టెస్టు బెంచికి పంపాలి. లోపం సరిచేసిన తరువాత, ఇంజను వేడెక్కాక, పుస్తకంలో చెప్పిన వేగానికి ఐడ్లింగ్ స్క్రూను సరిచేయాలి. స్క్రూ తిప్పడం మొదటి పని కాదు, ఆఖరి పని. గరిష్ఠ వేగాన్ని నిలిపే సీలు వేసిన స్క్రూను మాత్రం ఎన్నడూ ముట్టరాదు.

సంఘాలు చేయదగిన పని

మీరు పానా పట్టనక్కరలేదు. మీ దగ్గర మెకానిక్కు దగ్గర లేనిది ఒకటి ఉన్నది. బండిని రోజుకు రెండుసార్లు, నిలిచి ఉన్నప్పుడే చూసేది మీరు. షెడ్డుకు వెళ్లిన బండి ఒక్కొక్కసారి ఏ లోపమూ చూపదు. మీరు చూసినది రాసి ఉంచితే అదే సాక్ష్యం.

పాల రిజిస్టరు పక్కన ఒక చిన్న పుస్తకం పెట్టండి. బండి వచ్చిన సమయం, కదిలిన సమయం, ఇంజను ఆగిందా, ఆగితే ఊగి ఆగిందా, కుదిపి ఆగిందా, పొగ రంగు, ఇంతే రాయండి. వారం రోజుల పుస్తకం చేతిలో ఉంటే మెకానిక్కుకు దారి దొరుకుతుంది. పాలు ఆలస్యమై పుల్లబడినప్పుడు తప్పు పాలు పోసినవారిదా, దారిలో జరిగినదా అని తేల్చడానికీ ఆ పుస్తకమే ఆధారం.

అద్దె బండితో ఒప్పందం రాసుకునేటప్పుడు ఫిల్టర్లు మార్చిన తేదీ చూపాలని, బండి ఆగితే ఎంతసేపటిలో మరొక బండి రావాలో ఒక వాక్యం చేర్చండి. డ్రైవరును మాత్రం దోషిగా నిలబెట్టకండి. లోపం చెబితే అద్దె పోతుందనే భయం ఉన్న డ్రైవరు లోపాన్ని దాచి స్క్రూ తిప్పుతాడు.

ఇక కొత్త బండ్ల మాట. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చాయి. ఆ బండ్లలోను, అంతకుముందు వచ్చిన కామన్ రైల్ బండ్లలోను డీజిలు ఒత్తిడి వెయ్యి వాతావరణాలకు మించి ఉంటుంది. వాటిలో ఇంజను తిరుగుతుండగా ఏ గొట్టపు నట్టూ వదులుచేయరాదు. అది ప్రాణాపాయం. వాటి లోపాన్ని కంప్యూటరు పెట్టి చదవాలి. అయితే శుభ్రమైన డీజిలు, నీరు తీయడం, సమయానికి ఫిల్టరు మార్చడం, ఈ మూడూ పాత బండికీ కొత్త బండికీ ఒకటే.

ఇంజను ఊగితే గాలి చూడండి, కుదిపితే సిలిండరు చూడండి, స్క్రూను, పంపును ఆఖరికి ఉంచండి. మీ ఊరి బండి ఏ రోజున ఎలా నిలిచిందో రేపటినుంచే రాయడం మొదలుపెట్టండి. ఆ పుస్తకాలను వచ్చే మార్గ సమావేశానికి తీసుకురండి. ఒక్కొక్క బండినీ మీతో కూర్చుని చూడడానికి మేము సిద్ధంగా ఉన్నాము.